తీసుకెళ్ళేముందు ఇక్కడ వాడితో కొన్నాళ్ళు ఉండండి

బయట దేశాల నుంచి వచ్చి ఇక్కడి పిల్లల్ని దత్తత తీసుకెళ్ళేవాళ్ళకి, ముఖ్యంగా మన తెలుగువాళ్ళకి, ఒకే ఒక్క మాట చెప్పాలని ఇది రాస్తున్నా. పిల్లాడు చేతికొచ్చిన వారంలోపే విమానం ఎక్కించెయ్యకండి. ఉండండి. నెల ఉండండి, కుదిరితే రెండు నెలలుండండి, వాడికి అలవాటైన ఎండలో, వాడు రోజూ వినే యాస వినపడే చోట ఓ ఇల్లు అద్దెకి తీసుకుని, వండిపెట్టి, పక్కలో పడుకోబెట్టుకుని, వాడు మిమ్మల్ని కొంచెమైనా నమ్మాక అప్పుడు టికెట్లు కొనండి. సెలవుల్లేవు, ఖర్చవుతుంది, చిన్నపిల్లాడే కదా అన్నీ మర్చిపోతాడు, ఈ మాటలన్నీ నేను విన్నా. ఒక్కోదానికీ జవాబుంది.

మా చెల్లీ మరిదీ అమెరికాలో, డాలస్‌లో ఉంటారు. ఏళ్ళ తరబడి ఎదురుచూశాక వాళ్ళకి ఉత్తరాంధ్రలోనే ఒక శిశుగృహలో ఉన్న నాలుగేళ్ళ బాబు వచ్చాడు. వాడి పేరు ఇక్కడ రాయను, ఎక్కడ దొరికాడు ఎలా దొరికాడు కూడా రాయను, పెద్దయ్యాక చెప్పుకోవాలనిపిస్తే వాడే చెప్పుకుంటాడు. మేం విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉంటాం, అందుకని అద్దె ఇల్లు వెతకడం దగ్గర్నుంచి మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్ళడం దాకా అన్నిట్లో నేనూ మా ఆయనా పక్కనే ఉన్నాం, చూశాం. అందుకే ఇంత గట్టిగా మాట్లాడుతున్నా.

ముందు కాగితాల సంగతి, ఎందుకంటే చాలామంది దత్తత అంటే కాగితాలే అనుకుంటారు, కాగితాలైపోతే అంతా అయిపోయినట్టే అనుకుంటారు. మన పెద్దవాళ్ళ కాలంలో తెలిసిన డాక్టరమ్మో తెలిసిన మిషనరీ సిస్టరో ఒక మాట చెప్తే పిల్లాడు ఇంటికొచ్చేవాడు, ఇప్పుడలా కుదరదు, కుదరకపోవడమే మంచిది. మన పిల్లల్ని బయట దేశాలకి పంపే వ్యవహారంలో జరుగుతున్న అన్యాయాల మీద లక్ష్మీకాంత్ పాండే అనే లాయరుగారు సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాస్తే, జస్టిస్ భగవతిగారు దాన్నే కేసుగా తీసుకుని 1984లో తీర్పిచ్చారు, పద్ధతీ పాడూ అనేవి అక్కణ్ణుంచే మొదలయ్యాయి. తర్వాత 1990లో దత్తతల వ్యవహారం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా వచ్చింది. దేశాల మధ్య జరిగే దత్తతల మీద చేసుకున్న హేగ్ ఒప్పందం 1993 నాటిది, దాంట్లో మన దేశం 2003లో చేరింది. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఆర్డరు కోర్టు కాదు, జిల్లా కలెక్టరే ఇస్తున్నారు.

ఆ ఆర్డరు దాకా రాకముందే పిల్లాడి వైపు ఇంకో పని జరుగుతుంది. వదిలేసిన బిడ్డ దొరికితే ఫొటోతో పేపర్లో ప్రకటన వేస్తారు, మీరూ చూసే ఉంటారు, ఈ ఫొటోలోని శిశువు తాలూకు వాళ్ళెవరైనా ఉంటే ఫలానా ఆఫీసుని సంప్రదించండి అని లోపలి పేజీల్లో చిన్నగా ఉంటుంది. ఎవరూ రాకపోతే రెండేళ్ళలోపు బిడ్డని రెండు నెలల్లో, అంతకంటే పెద్దవాళ్ళని నాలుగు నెలల్లో, దత్తతకి ఇవ్వొచ్చని బాలల సంక్షేమ కమిటీ తేల్చాలి. మావాడి ఫొటో కూడా అలా ఏదో ఒకరోజు వచ్చే ఉంటుంది, ఆ పేపరు మా ఇంటికీ వచ్చే ఉంటుంది. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నాకు గుండెల్లో ఏదోలా అవుతుంది.

ఇంత తంతు ఎందుకని విసుక్కునేవాళ్ళకి ఒక్కటే చెప్తా, తంతు లేని చోట ఏమైందో చూడండి. దక్షిణ కొరియా నుంచి పిల్లలు దశాబ్దాల పాటు అమెరికాకి, యూరప్‌కి వెళ్ళారు, తీరా చూస్తే తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా అనాథలని రాసి పంపారని అక్కడి నిజనిర్ధారణ కమిషనే 2025 మార్చిలో తేల్చింది. నెదర్లాండ్స్ ఇలాంటి అక్రమాలు బయటపడి 2021లో కొంతకాలం విదేశీ దత్తతలే ఆపేసింది. చైనా 1992 నుంచి లక్షన్నరకి పైగా పిల్లల్ని బయటికి పంపి, 2024లో దగ్గర బంధువులకి తప్ప ఇంకెవరికీ ఇవ్వమని తలుపు మూసేసింది. అమెరికాకి 2004లో దాదాపు 23 వేల మంది పిల్లలు ఇలా వెళ్తే 2023 లెక్కల్లో 1,275 మందే. అంత దూరం ఎందుకు, 2025 జులైలో సరోగసీ పేరు చెప్పి వేరేవాళ్ళ బిడ్డని చేతిలో పెట్టిన కేసులో మన వైజాగ్ పేరే వినపడింది కదా. అందుకని రూల్స్ కష్టంగా ఉన్నాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నా గోల వేరే. ఇన్ని రూల్సు రాసినవాళ్ళు, ఇన్ని సంతకాలు పెట్టించుకునేవాళ్ళు, పిల్లాడు ఒక చోటు వదిలి ఇంకో చోటుకి వెళ్ళే ఆ మధ్య రోజుల గురించి ఎందుకింత తక్కువ ఆలోచించారు అని.

మామూలుగా ఎలా జరుగుతుందంటే, అక్కడ అమెరికాలోనో ఇటలీలోనో అన్నీ ఆన్‌లైన్లో నడుస్తాయి. హోమ్ స్టడీ అంటారు, ఒక సోషల్ వర్కర్ ఇంటికొచ్చి జీతం దగ్గర్నుంచి పెళ్ళినాటి గొడవల దాకా అన్నీ అడుగుతుంది, అది పోర్టల్లో పెడతారు, పిల్లాడి ఫొటో, మెడికల్ రిపోర్ట్ వస్తాయి, సరే అంటారు, కారా ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, ఇస్తుంది, కలెక్టర్ ఆర్డరు వస్తుంది, పుట్టినతేదీ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, దత్తత ఒప్పందం ప్రకారమే జరిగిందని హేగ్ ఒప్పందం 23వ ఆర్టికల్ కింద ఇచ్చే సర్టిఫికెట్. అన్నీ రెడీ అయ్యాక అమ్మానాన్నలు దిగుతారు. శిశుగృహలో పూలదండలు, కేకు, ఫొటోలు. ఢిల్లీ వెళ్ళి ఎంబసీలో వీసా. విమానం. నాలుగేళ్ళ పిల్లాడికి వారం పది రోజుల్లో మనుషులు, మంచం, అన్నం, వాసనలు, భాష, రాత్రీ పగలూ కూడా మారిపోతాయి. ఒక్కటి కూడా పాతది మిగలదు. పెద్దవాళ్ళం మనం ఉద్యోగం మారితేనే నెలరోజులు నిద్ర పట్టదు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కారా ఎన్‌ఓసీ ఇచ్చాక, కలెక్టర్ ఆర్డరు రాకముందే, ఒక హామీ పత్రం రాసిచ్చి పిల్లాణ్ణి మన దేశంలోనే తాత్కాలికంగా మన దగ్గర ఉంచుకోవచ్చు. నిబంధనల్లోనే ఉంది. ఆర్డరు మీద నిర్ణయం రెండు నెలల్లో అవ్వాలని చట్టం చెప్తోంది, అంటే ఆ రోజులు ఎలాగూ ఎదురుచూడాల్సిన రోజులే, వాటిని డాలస్‌లో ఫోన్ పట్టుకుని గడపొచ్చు, లేదా పిల్లాడి పక్కన గడపొచ్చు. ఈ సంగతి తెలియగానే మా చెల్లితో అన్నా, ఏమే, ఆర్డరు కోసం అక్కడ కూర్చుని ఏం చేస్తావు, వచ్చెయ్యి అని. వచ్చేశారు. మరిది లాప్‌టాప్ పట్టుకుని రాత్రిళ్ళు పనిచేశాడు, చెల్లి సెలవు పెట్టింది. మా వీధికి రెండు వీధుల అవతల చిన్న పోర్షన్ దొరికింది.

ఆ ఇంట్లో మొదట్లో ఏం చూశామో చెప్తా. వాడు ఏడవలేదు. అస్సలు ఏడవలేదు. అందరూ ఎంత బుద్ధిమంతుడో అన్నారు, నాకు మాత్రం భయమేసింది, నాలుగేళ్ళ పిల్లాడు మోకాలు చీరుకుపోయినా ఏడవకపోవడం బుద్ధి కాదు, ఏడిస్తే ఎవరో వస్తారనే ఆశ లేకపోవడం. స్నానానికి పిలిస్తే లైన్లో నిలబడినట్టు గోడకానుకుని నిలబడేవాడు, ముందు ఇంకా ఎవరో ఉన్నట్టు. ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషినీ, పాలామెని కూడా, అమ్మా అని పిలిచి చెయ్యి పట్టుకునేవాడు. మా చెల్లికి అది చూస్తే ప్రాణం పోయినంత పనయ్యేది. పెట్టినంతా తినేసి ఇంకా కావాలనేవాడు, తలగడ కింద ఇడ్లీ ముక్క, జేబులో బిస్కెట్టు. ఒంటరి గదిలో పడుకోలేకపోయేవాడు, పదిమంది మధ్య పడుకున్నవాడు మరి, లైటుండాలి, పక్కన ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడుండాలి. అదే అమెరికా అయితే మొదటి రాత్రే వాడికోసం రంగులేయించిన సొంత గదిలో, సొంత మంచం మీద, ఒక్కణ్ణీ పడుకోబెట్టేవాళ్ళు. ప్రేమతోనే పడుకోబెట్టేవాళ్ళు.

మార్పు మెల్లగా వచ్చింది, ఏ రోజు వచ్చిందని చెప్పలేను. పొద్దున్నే చోడి జావ, అదే రాగి జావ, వాడికి శిశుగృహలో అలవాటైందే. మధ్యాహ్నం పప్పన్నం, గుడ్డు. సాయంత్రం బీచ్ రోడ్డు. సముద్రం అంటే మొదట భయం, మరిది మెడ గట్టిగా పట్టుకునేవాడు, ఆ పట్టుకోవడమే వాళ్ళిద్దరి మధ్య మొదటి బంధం అనుకుంటా. ఆర్కే బీచ్‌లో టీయూ-142 విమానం మ్యూజియం ఉంది కదా, నేవీ వాళ్ళు వాడిన విమానాన్నే మ్యూజియం చేశారు, దాంట్లోకి మళ్ళీ మళ్ళీ తీసుకెళ్ళారు. లోపలికెక్కొచ్చు, నడవొచ్చు, మళ్ళీ దిగొచ్చు, దిగితే బయట వైజాగే ఉంటుంది. విమానం అంటే ఎక్కితే ఇంక తిరిగిరాని వస్తువు కాదని వాడికి అలా తెలిసింది. ఊరు చేసిపెట్టిన సాయం ఇది, దీన్ని డాలస్‌లో చెయ్యలేం.

ఒకరోజు అన్నం చల్లారిందని గట్టిగా ఏడ్చాడు. ఇల్లెగిరిపోయేలా, కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ. పక్కవాళ్ళు ఏమైందని తొంగిచూశారు. చెల్లి నాకు ఫోన్ చేసి, అక్కా ఏడుస్తున్నాడే, అలిగాడే అని చెప్తుంటే దాని గొంతులో అంత సంతోషం నేను దాని పెళ్ళిలో కూడా వినలేదు.

ఇంకోటి, వీడ్కోలు. శిశుగృహలో వాణ్ణి పెంచిన ఆయమ్మ ఉంది. చాలామంది ఏమంటారంటే మళ్ళీ ఆమెని చూపిస్తే పిల్లాడు బెంగపెట్టుకుంటాడు, చూపించకండి అని. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాడి లెక్కలో ఇప్పటిదాకా మనుషులు చెప్పకుండా మాయమయ్యారు, ఒకసారి కన్నవాళ్ళు, ఇప్పుడు ఆయమ్మ కూడానా? శిశుగృహవాళ్ళు మంచివాళ్ళు, ఒప్పుకున్నారు, ఆమె వీడియో కాల్‌లో మాట్లాడింది, తర్వాత వెళ్ళేముందు ఎదురుగా కలిసింది. అమ్మా నాయినతో ఎల్లు బాబూ, నానిక్కడే ఉంటాను, నువ్వెప్పుడొచ్చినా ఉంటాను అంది. వాడు ఆ రాత్రి బాగా ఏడ్చాడు, నిజమే. ఏడిస్తే ఎత్తుకోడానికి అమ్మ ఉంది, అందుకే ఏడ్చాడు. ఆమె పాడే జోలపాట చెల్లి ఫోన్లో రికార్డు చేసుకుంది.

మర్చిపోతాడు కదా అనేవాళ్ళకి. మర్చిపోతాడు, అది నిజం. 2003లో ఫ్రాన్స్‌లో ఒక పరిశోధన జరిగింది, మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ మధ్య వయసులో కొరియా నుంచి వెళ్ళి ఫ్రెంచి ఇళ్ళలో పెరిగినవాళ్ళకి పెద్దయ్యాక కొరియన్ మాటలు వినిపించి మెదడు స్కాన్ చేస్తే, అసలు ఎప్పుడూ ఆ భాష విననివాళ్ళకీ వీళ్ళకీ తేడా కనపడలేదు. ఎనిమిదేళ్ళొచ్చిన పిల్లాడు అమ్మభాష అంతా పోగొట్టుకున్నాడు, ఆలోచించండి. కానీ 2014లో మాంట్రియల్‌లో ఇంకో పరిశోధన, ఏడాది వయసు అటూఇటూగా చైనా నుంచి వెళ్ళి ఫ్రెంచి మాత్రమే మాట్లాడుతూ పెరిగిన ఆడపిల్లలకి చైనీస్ స్వరాలు వినిపిస్తే, వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా మెదడు మాత్రం చైనీస్ మాట్లాడేవాళ్ళ మెదడులాగే స్పందించింది. అంటే మాట పోతుంది గానీ లోపల ఎక్కడో జాడ ఉంటుంది. ఆ జాడ మీద ఇల్లు కట్టుకునే అవకాశం అందరికంటే ఎక్కువ ఉన్నది తెలుగు పిల్లాణ్ణి తెచ్చుకున్న తెలుగు అమ్మానాన్నలకే, వాళ్ళే ఇంట్లో ఇంగ్లీషు మొదలెట్టేస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. స్కూల్లో వెనకబడతాడని భయం. ఇంగ్లీషు ఆరు నెలల్లో ఆ దేశమే నేర్పేస్తుంది, తెలుగు నేర్పడానికి మీరు తప్ప అక్కడ ఎవరున్నారు?

అదీ వాడి తెలుగు. వాడు ఏటి అంటాడు, ఎల్దాం అంటాడు, గుంటడు అంటాడు. మా బంధువుల్లో ఒకావిడ ఏటి కాదు నాన్నా, ఏమిటి అనాలి అని దిద్దబోతే మా చెల్లి నిక్కచ్చిగా వద్దంది. విశాఖలో పుట్టి పెరిగిన మనమే శ్రీకాకుళం యాసని సినిమాల్లో నవ్వుకోడానికి వదిలేశాం, వాడి దగ్గరైనా ఉండనిద్దాం. పేరు కూడా మార్చలేదు. అమెరికాలో పలకడం కష్టమని ఇంకో పేరు పెట్టమని సలహాలొచ్చాయి, వాడితో పాటు వచ్చిన సొత్తు ఆ పేరొక్కటే, దాన్నెలా తీసుకుంటాం. హేగ్ ఒప్పందం 16వ ఆర్టికల్ కూడా పిల్లాడి పెంపకం, జాతి, మతం, సంస్కృతి ఇవన్నీ చూడాలనే అంటుంది, అయితే అది కుటుంబాన్ని వెతికేటప్పుడు ఆఫీసులకి చెప్పిన మాట. ఇంట్లో పాటించాల్సింది అమ్మానాన్నలు.

మన చుట్టుపక్కలవాళ్ళతో కూడా నాకో పేచీ ఉంది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ వాడి ముందే, ఎంత అదృష్టవంతుడో, ఎక్కడివాడు ఎక్కడికి పోతున్నాడో, మీకు పుణ్యం అనేవాళ్ళు. దయచేసి అలా అనకండి. నాలుగేళ్ళ పిల్లాడికి వినపడుతుంది, అర్థమవుతుంది, రేపు పదమూడేళ్ళొచ్చి అమ్మతో పోట్లాడాలనుకున్నప్పుడు ఆ మాట గొంతుకి అడ్డం పడుతుంది. కన్న పిల్లాడికి లేని రుణం పెంచుకున్న పిల్లాడికెందుకు? అదృష్టం మా చెల్లిది, ఆ మాట అదే అందరికీ చెప్పేది. ఇక ఎవరి పిల్లాడో, ఏ కులమో అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి మా అమ్మ, డెబ్బై దాటిన మనిషి, నా మనవడు అని ఊరుకుంది.

ఇంక సెలవులు, ఖర్చు. అమెరికాలో 1993 నాటి చట్టం ఒకటుంది, యాభై మంది, ఆపైన ఉన్న కంపెనీలో ఏడాది పనిచేసినవాళ్ళకి 12 వారాల సెలవు, జీతం రాదు గానీ ఉద్యోగం పోదు, అది కాన్పుకే కాదు దత్తతకి కూడా వర్తిస్తుంది, దత్తత కోసం వేరే దేశం వెళ్ళాల్సొస్తే ఆ ప్రయాణానికి కూడా. చాలామంది ఆ 12 వారాలూ ఇంటికెళ్ళాక వాడుకుందామని దాచుకుంటారు. సగం ఇక్కడ ఖర్చుపెట్టండి. డబ్బు సంగతంటారా, దత్తతకి అన్నీ కలిపి అక్కడ ఏజెన్సీలకి కట్టేదాంతో పోలిస్తే వైజాగ్‌లో రెండు గదుల ఇంటి అద్దె ఎంతని. ఇద్దరికీ కుదరకపోతే ఒకళ్ళుండండి. తెలుగు రాని దేశాలవాళ్ళకి కష్టం కాదా అని అడుగుతారు, కష్టమే. కానీ కొలంబియాలో దత్తతకి వెళ్ళే విదేశీయులు వారాల తరబడి అక్కడే పిల్లలతో ఉంటున్నారు, స్పానిష్ రానివాళ్ళు కూడా. ఉగాండా అయితే 2016లో చట్టం మార్చి మామూలుగా ఏడాది పాటు అక్కడే ఉండి పెంచాలంది, అది మరీ ఎక్కువ అనిపిస్తుంది నాకు, అంతకాలం ఎవరుండగలరు, డబ్బున్నవాళ్ళు తప్ప. నెల రెండు నెలలు అలా కాదు.

మన దేశంలో 2024-25లో 4,515 దత్తతలైతే 4,155 దేశంలోనే అయ్యాయి. బయటికెళ్ళేవాళ్ళు ఏడాదికి కొన్ని వందల మందే, వాళ్ళలో చాలామంది మనవాళ్ళు వద్దనుకున్న కొంచెం పెద్ద పిల్లలు, ఆరోగ్య సమస్యలున్న పిల్లలు. అంత తక్కువమందికి మధ్యలో ఈ కొన్ని వారాలు ఏర్పాటు చెయ్యడం పెద్ద పని కాదు. వెళ్ళాక రెండేళ్ళపాటు, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి పిల్లాడెలా ఉన్నాడో రిపోర్టులు పంపమంటున్నారు, మంచిదే. అలాగే ముందు హోమ్ స్టడీలోనే ఒక ప్రశ్న చేర్చమని నేను అడుగుతున్నా, పిల్లాడి ఊళ్ళో అతనితో ఎన్ని వారాలు ఉంటారు, ఎక్కడుంటారు, అతని భాష ఎవరు మాట్లాడతారు అని. తప్పనిసరి చెయ్యకపోయినా పర్లేదు, అడిగితే చాలు, అడిగితే ఆలోచిస్తారు. ఎన్‌ఓసీ పంపేటప్పుడే, ఆర్డరు వచ్చేలోపు పిల్లాణ్ణి మీ దగ్గర ఉంచుకోవచ్చు అని ఒక లైను రాసి పంపినా చాలామంది ముందే టికెట్లు బుక్ చేసుకుంటారు. శిశుగృహవాళ్ళు ఆయమ్మ చెప్పే సంగతులు, ఏం తింటాడు, ఎలా పడుకుంటాడు, దేనికి భయపడతాడు, ఏ పాట పాడితే నిద్రపోతాడు, ఒక కాగితం మీద రాసి మెడికల్ రిపోర్టుతో పాటే ఇవ్వాలి. ఇవ్వకపోతే మీరే అడిగి రాయించుకోండి.